నా పేరు పక్కన పీబీ

మా తమ్ముడి భార్యని వార్డు మెంబరుగా నిలబడమన్నది నేనే. ఈ సంగతి ముందే చెప్పుకోవాలి. తర్వాత ఎవరెవరు ఏమేం చేసినా, మొదటి మాట నా నోట్లోంచే వచ్చింది.

మాది నందిగామకి దగ్గర్లో ఒక ఊరు. మా పేట ఊరి చివర, చర్చి దాటాక పల్లంలో ఉంటుంది. గట్టి వాన పడితే పై వీధుల్లో నీళ్ళన్నీ మా గుమ్మాల ముందుకొచ్చి నిలబడతాయి. మా ఆయన పోయాక నేను అమ్మ దగ్గరికి వచ్చేసా. పక్కిల్లు తమ్ముడిది. వాడు కౌలుకి పొలం చేస్తాడు. నేను జగ్గయ్యపేట అవతల ఒక మండల పరిషత్ స్కూల్లో టీచర్ని. రోజూ బస్సెక్కి చిల్లకల్లు దగ్గర దిగి, అక్కణ్ణించి ఆటోలో వెళ్ళేదాన్ని.

మా మరదలు ఇంటరు దాకా చదివింది. మిరపకాయ కోతలకి వెళ్తూనే డ్వాక్రా గ్రూపు నడిపేది. కరోనా మొదటి ఏడు, లాక్‌డౌన్‌లో, పేటలో ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఏ ముసలాయనకి బీపీ మాత్రలు అయిపోయాయో ఆ పిల్లకే తెలిసేది. అట్లాంటి మనిషి కాక ఇంకెవరు ఉండాలి పంచాయతీలో అని నాకు అనిపించేది. రెండో ఏడు చలి తగ్గుతున్న రోజుల్లో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. మా వార్డు మా వాళ్ళ ఆడవాళ్ళకి రిజర్వయింది. నామినేషన్ వెయ్యమన్నా. వేసింది.

ఆ మర్నాడే తమ్ముడికి పొలం కౌలుకిచ్చిన పెద్దాయన మా ఇంటికొచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. మా పేటలోనే ఇంకొకామె కూడా వేసిందనీ, ఒకే వీధిలో వాళ్ళు ఒకరి మీద ఒకరు పోటీ చేసుకుంటే ఏం బాగుంటుందనీ, మా పిల్ల తీసేసుకుంటే ఏకగ్రీవం అవుతుందనీ చెప్పాడు. మా తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు. కాదంటే వచ్చే ఏడు పొలం ఉంటుందో ఉండదో అన్నది వాడి భయం. ఆయన వెళ్ళాక మరదలు నా వంక చూసింది.

"తీసేసుకోమంటారా వదినా?"

"తీసుకోవద్దు. నా ఓటు, అమ్మ ఓటు, మీ ఇద్దరివీ. నాలుగున్నాయి చేతిలో. మిగతావి తిరిగి అడుక్కుందాం" అన్నా.

ఆ నాలుగింటిని నమ్ముకునే ఆ పిల్ల మొదలుపెట్టింది.

నాకేమో ఎలక్షన్ డ్యూటీ పడింది, వేరే మండలంలో. పోలింగు మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే రోజు. జగ్గయ్యపేటలో ట్రైనింగు పెట్టారు. ఒక్కో బెంచీకి ఒక్కరే కూర్చోవాలన్నారు గానీ, హాలు చాలక ముగ్గురేసి కూర్చున్నాం. డ్యూటీలో ఉన్నవాళ్ళు పోస్టల్ బ్యాలెట్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చని అక్కడే చెప్పారు. పెట్టుకున్నవాళ్ళ పేరు పక్కన వాళ్ళ ఊరి ఓటర్ల జాబితాలో పీబీ అని రాస్తారు. ఒకసారి ఆ రెండక్షరాలు పడ్డాయంటే ఇక బూతుకెళ్ళి ఓటెయ్యడానికి లేదు. ఒక మనిషికి రెండు ఓట్లు పడకుండా అది జాగ్రత్త. నేను ఆ మాట నోటుబుక్కులో రాసుకుని కింద గీత కూడా గీసా. పక్కన కూర్చున్న మేడమ్‌కి అర్థం కాకపోతే నేనే విడమరిచి చెప్పా.

నా ఓటు వృథా కాకూడదని, డ్యూటీ ఆర్డరు జెరాక్సు, ఓటరు కార్డు జెరాక్సు జతచేసి, ఒక్క కొట్టివేత లేకుండా ఫారం నింపి మా మండలాఫీసులో ఇచ్చొచ్చా. మరదలితో, నా ఓటు అందరికంటే ముందే పడిపోతుంది, దాని గురించి దిగులు పడొద్దని చెప్పా.

పోలింగు నాలుగు రోజులుందనగా ఒళ్ళు నొప్పులు మొదలయ్యాయి. బస్సుల్లో తిరిగి అలిసిపోయాననుకున్నా. మర్నాటికి గొంతు పట్టేసింది. కాఫీ వాసన తెలియలేదు. నందిగామ వెళ్ళి టెస్టు చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. ట్రైనింగులో అంటుకుందో, బస్సులో అంటుకుందో నాకు తెలియదు. వెనకాలే అమ్మకీ టెస్టు చేశారు. ఆమెకీ వచ్చింది. ఒకే ఇంట్లో ఒకే గదిలో పడుకునేవాళ్ళం, రాకుండా ఎట్లా ఉంటుంది? తమ్ముడు వాళ్ళకి రాలేదు. ఇద్దరం తలుపేసుకుని ఇంట్లో ఉండిపోయాం. మరదలు పొద్దున్నే అన్నం, చారు గిన్నెల్లో పెట్టి గుమ్మం బయట పెట్టి, పిలిచి, దూరంగా నిలబడి, మేం తీసుకున్నాకే ప్రచారానికి వెళ్ళేది.

డ్యూటీ వేసిన ఆఫీసుకి ఫోన్ చేసి చెప్తే నా డ్యూటీ ఆర్డరు రద్దు చేశామన్నారు. అప్పుడు ఇంకేమీ తోచలేదు, హమ్మయ్య అనుకున్నా. మధ్యాహ్నం మంచం మీద పడుకుని ఉంటే ఉన్నట్టుండి పోస్టల్ బ్యాలెట్ గుర్తొచ్చింది. లేచి కూర్చుని మండలాఫీసుకి ఫోన్ చేశా. ఆ సెక్షన్ చూసే ఆయన పేరు అడిగి, కాగితాలు తిరగేసి, మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"డ్యూటీ ఉన్నవాళ్ళకే బ్యాలెట్ ఇస్తామండీ. మీ ఆర్డరు క్యాన్సిలైంది గదా, ఇవ్వడానికి లేదు."

"సరేనండీ, అయితే నేను బూతులోనే వేస్తాను."

"అది కూడా కుదరదేమో మేడమ్. జాబితాలో మీకు పీబీ మార్కు చేసి పంపించేశాం."

రెంటిలో ఏదో ఒకటి ఉండాలి కదండీ అన్నా. ఉండాలండీ అన్నాడు ఆయన. ఆయనకీ నా బాధ అర్థమైంది. పీబీ కొట్టేయించాలంటే రిటర్నింగ్ ఆఫీసరు చెయ్యాలి, లెటరు రాసుకుని స్వయంగా రండి అన్నాడు. నేను పాజిటివ్, ఇల్లు కదలకూడదు అన్నా. అయితే ఫొటో తీసి పంపమన్నాడు. లెటరు రాసి, టెస్టు రిజల్టు జతచేసి, రిటర్నింగ్ ఆఫీసరు గారి నంబరుకి వాట్సాప్‌లో పంపా. రెండు టిక్కులు పడ్డాయి. సాయంత్రానికి నీలంగా మారాయి. జవాబు రాలేదు. ఆయనకి ఆ రోజు ఎన్ని ఊళ్ళ పనులున్నాయో, ఆ పనుల మధ్య నా లెటరు ఏపాటిదో నాకు తెలుసు. అయినా అరగంటకోసారి ఫోన్ తీసి చూసుకునేదాన్ని.

ఫోన్లో వెతుకుతుంటే, కరోనా వచ్చినవాళ్ళు ఇంట్లో ఉండే పోస్టులో ఓటెయ్యొచ్చని ఎక్కడో కనపడింది. ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ ఆఫీసుకి చేశా. అది అసెంబ్లీకి, పార్లమెంటుకీ అండీ, పంచాయతీకి అట్లా లేదన్నారు. పంచాయతీకి ఉన్నదల్లా చివరి గంట. పాజిటివ్ వచ్చినవాళ్ళు డాక్టరు కాగితం పట్టుకుని, పీపీఈ కిట్ వేసుకుని, మామూలు జనం అంతా వేసి వెళ్ళాక ఆఖరి గంటలో రావాలి. మీ అమ్మగారు రావచ్చు, ఆవిడ పేరు మీద ఏ మార్కూ లేదు అన్నాడు ఆయన.

ఫోన్ పెట్టేసి వెనక్కి చూస్తే అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినించి వింటోందో.

"నీ ఓటు లేదంటనా?"

చెప్పక తప్పలేదు. మరదలికి మాత్రం చెప్పొద్దన్నా. పొద్దున్నించీ గడపగడపకీ తిరిగి వస్తోంది, ఉన్న నాలుగింట్లో ఒకటి పోయిందంటే నీరుగారిపోతుంది, ఈలోపు ఆఫీసరు గారు కొట్టేయిస్తారులే అని చెప్పా. అమ్మ మంచం మీద కూర్చుంది. ఆమెకి అప్పటికే జ్వరం తగిలింది. మాట మాటకీ ఆయాసం వస్తోంది.

"అయితే నేను పోవాల్సిందే" అంది. "నీదీ లేక, నాదీ పోనిస్తే ఆ పిల్ల మొహం ఎట్టా చూస్తాం?"

నేను వద్దన్నా. ఆ మాట గట్టిగా అన్నానా అంటే, అనలేదు. ఒక్కసారి అన్నా. అమ్మ వినదని నాకు తెలుసు. వినకపోతే బాగుండునని కూడా లోపల ఎక్కడో ఉంది. ఇన్నేళ్ళలో ఈ ముక్క ఎవరితోనూ అనలేదు.

పోలింగు రోజు మధ్యాహ్నం ఆశా వర్కరు రెండు కిట్లు తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్ళింది. ముందు అమ్మకి వేశా. చీర మడిచి లోపలికి దోపి, కాళ్ళు దూర్చి, చేతులు దూర్చి, జిప్పు లాగేసరికి ఆమెకి ఆయాసం వచ్చి నా భుజం పట్టుకుంది. పెళ్ళికూతుర్ని చెయ్యడానిక్కూడా ఇంతసేపు పట్టదే అంది. ఆ రోజు అమ్మ నవ్వింది ఆ ఒక్కసారే. తర్వాత నేను వేసుకున్నా. జవాబు రాకపోయినా వెళ్ళి అడుగుదామనే బయల్దేరా. ఎదురుగా మనిషి నిలబడితే కాదనలేరేమో అన్న ఆశ.

బూతు పెద్ద ఊళ్ళో బళ్ళో పెట్టారు. మామూలుగా అయితే పది నిమిషాల నడక. ఆటో ఎవరూ ఎక్కించుకోరు. తమ్ముడు బండి మీద దింపుతానని వచ్చాడు గానీ వాడికి అంటిస్తానేమోనని నేనే రావద్దన్నా. ఎండ బాగా ఉంది. ఆ కవర్ల లోపల చెమట ధారగా కారుతోంది. అమ్మ పది అడుగులేసి ఆగేది. కల్వర్టు మీద ఒకసారి, మూసేసిన కిళ్ళీకొట్టు బల్ల మీద ఒకసారి కూర్చోబెట్టా. మమ్మల్ని చూసి ఇళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లోపలికెళ్ళి తలుపులేసుకున్నారు. వాళ్ళ తప్పేం లేదు.

బడి గేటుకి దూరంగా, అభ్యర్థులు నిలబడే చోట, మా మరదలు ఉంది. రెండు తెల్ల ఆకారాల్లో ఎవరు ఎవరో ఆ పిల్లకి తెలియలేదు. ఇద్దరికీ కలిపి దణ్ణం పెట్టింది. నేను పోస్టులో వేసేశాననుకుంటున్న మనిషి, అమ్మకి తోడుగా వచ్చాననుకుని ఉంటుంది. నేను తల తిప్పుకున్నా.

బూతులో ప్రిసైడింగ్ ఆఫీసరు కూడా టీచరే. నాకు పరిచయం లేదు. నా పేరు, వరస నంబరు చదివారు. ఆయన జాబితా మీద వేలు పెట్టి ఆగాడు. మొహానికి ప్లాస్టిక్ షీల్డు, దాని వెనక కళ్ళజోడు. నేను జరిగినదంతా చెప్పా. ఆర్డరు రద్దయిందనీ, బ్యాలెట్ నాకు ఇవ్వనే లేదనీ, లెటరు పంపాననీ. ఫోన్ తీసి చూపించబోతే గ్లౌజు వేళ్ళకి తెర కదల్లేదు. ఆయన ఓపిగ్గా విన్నాడు. బయటికెళ్ళి ఎవరికో ఫోన్ చేసి వచ్చాడు.

"మేడమ్, మీరూ ట్రైనింగు తీసుకున్నారు కదా. పీబీ ఉన్న పేరుకి నేను కాగితం ఇస్తే రేపు నా ఉద్యోగానికి వస్తుంది. నా స్థానంలో మీరుంటే ఇస్తారా?"

ఇవ్వను. నా బూతులో ఇట్లా ఎవరైనా వచ్చి ఉంటే నేను కూడా ఇచ్చేదాన్ని కాదు. పక్కకి జరిగి గోడకి ఆనుకుని నిలబడ్డా. ఏజెంట్లు అందరూ చూస్తున్నారు. మా మరదలి తరఫున కూర్చున్నతనూ చూస్తున్నాడు.

అమ్మకి రెండు కాగితాలు ఇచ్చారు, సర్పంచికి ఒకటి, వార్డుకి ఒకటి. అట్ట వెనక్కి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. పెద్దమ్మా, అయిందా అని ఒకసారి పిలిచారు. లోపల్నించి ఊపిరి శబ్దం తప్ప ఏమీ వినపడలేదు. చివరికి కాగితాలు మడుచుకుని వచ్చి పెట్టెలో వేసింది.

తిరిగి వచ్చేటప్పుడు అమ్మని మళ్ళీ కల్వర్టు దగ్గర ఆపా. అక్కడ కూర్చున్నాక చెప్పింది.

"గ్లౌజు జారిందే. రెండుసార్లు పడిందేమో ముద్ర. ఒకటి గీత మీద పడినట్టుంది."

"ఏ కాగితం మీదమ్మా?"

"తెల్లదాని మీద. వార్డుదే."

ఏం కాదులే, ఒక గడిలోనే పడి ఉంటే లెక్కలోకి తీసుకుంటారన్నా. ఏ గడిలో పడిందో ఆమెకీ తెలియదు.

లెక్కింపు ఆ సాయంత్రమే. మేం ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాం. వీధి అవతలి చివర టపాకాయలు పేలాయి. అది మా వైపు కాదు. కాసేపటికి తమ్ముడు వచ్చి రోడ్డు మీదే నిలబడి చెప్పాడు. రెండు ఓట్ల తేడాతో పోయింది. వార్డులో చెల్లనివి మూడున్నాయి. అందులో ఒకటి అమ్మదే అనుకున్నా. నాదీ, అమ్మదీ పడి ఉంటే సమానం అయ్యేది. అప్పుడు చీటీ తీసేవాళ్ళు. గెలిచేదని చెప్పను. చీటీ దాకా వచ్చేది.

"పోస్టులో మన వార్డుకి ఒక్క ఓటూ రాలేదంటక్కా" అన్నాడు తమ్ముడు. అడిగినట్టు కాదు, అన్నాడు అంతే. నేను రేపు చెప్తాలే అన్నా. ఆ రేపు రాలేదు. మర్నాడు గుమ్మం ముందు గిన్నె ఉంది గానీ పిలుపు లేదు. మరదలు గిన్నె పెట్టి, తలుపు మీద కొట్టి, వెళ్ళిపోయింది. పేటలో ఏమనుకుంటున్నారో ఆశా వర్కరు చెప్పింది. పెద్దాయన ఏదో బెదిరించాడనీ, ఉద్యోగం ఉన్నది కాబట్టి టీచరమ్మ భయపడి పోస్టుది ఆపేసిందనీ, బూతుకి ఊరికే మొహం చూపించడానికి వచ్చిందనీ. ఇది అబద్ధమని ఏం పెట్టి రుజువు చెయ్యను? నా చేతిలో ఉన్నది జవాబు రాని వాట్సాప్ ఒక్కటే.

అది చెప్పుకునే తీరిక కూడా దొరకలేదు. మూడో రోజుకి అమ్మ వేలికి పెట్టిన ఆక్సీమీటరు అంకె దిగడం మొదలైంది. నందిగామ తీసుకెళ్తే విజయవాడ పంపారు. నన్ను వార్డులోకి రానివ్వలేదు. ఫోన్లో మాట్లాడించేవాళ్ళు. ముక్కుకి గొట్టం పెట్టుకుని ఉన్న మనిషి, మందులు వేసుకున్నానని చెప్పదు, అన్నం తిన్నానని చెప్పదు. సరిగ్గానే గుద్దానంటావా అని అడిగేది. సరిగ్గానే పడిందమ్మా, ఓడిపోయింది వేరేవాళ్ళ వల్ల అని చెప్పేదాన్ని. నిజమేనా అనేది. ఆస్పత్రిలో చేర్చిన తొమ్మిదో రోజున పొద్దున్నే అక్కణ్ణించి తమ్ముడికి ఫోన్ వచ్చింది, అమ్మ పోయిందని.

సమాధుల తోటలోకి ఇద్దరినే రానిచ్చారు. మళ్ళీ అవే తెల్ల కిట్లు. నేనూ తమ్ముడూ నిలబడ్డాం. పాస్టరు గారు గేటు బయట నించి ప్రార్థన చేశారు. నాకు ఆ ప్రార్థనలో ఒక్క ముక్క వినపడలేదు. నడిచినందుకు పోయిందా, నడవకపోయినా పోయేదా అని డాక్టర్ని అడిగితే, అట్లా చెప్పలేమమ్మా, వయసు కూడా ఉంది కదా అన్నాడు. ఎవరూ చెప్పలేరు. జబ్బు ఇంట్లోకి తెచ్చింది నేను. ఆ ఫారం నింపింది నేను. ఆమె నడిచింది ఆ ఫారం వల్ల. ఈ మూడూ నేను ఎట్లా మార్చి పేర్చుకున్నా ఒకే చోటికి వచ్చేవి. స్కూలుకి వెళ్ళి పిల్లల హాజరు పిలుస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. తిండి సయించేది కాదు. ఒకరోజు చిల్లకల్లు దగ్గర దిగాల్సినదాన్ని దిగడం మర్చిపోయి, బస్సు తెలంగాణ చెక్‌పోస్టు దాటాక గానీ తెలివి రాలేదు.

పోయినవాళ్ళ కోసం చర్చి వాళ్ళు చేసే ఆదరణ కూడిక మా ఇంటి ముందే పెట్టుకున్నాం. పేట అంతా వచ్చింది. మరదలే దగ్గరుండి వంట చేయించింది, అందరికీ వడ్డించింది. నాతో తప్ప అందరితో మాట్లాడింది. జనం వెళ్ళాక ఇద్దరమే మిగిలాం. నేను ఫోన్ తీసి ఆ లెటరు, నీలం టిక్కులు, ఆఫీసుకి చేసిన కాల్సు, అన్నీ ఆ పిల్ల ముందు పెట్టా. మొదట్నించీ చెప్పా. అమ్మకి తెలుసనీ, నేనే చెప్పొద్దన్నాననీ చెప్పా. వార్డు కాగితం మీద ముద్ర రెండుసార్లు పడిన సంగతి కూడా దాచలేదు.

ఆ పిల్ల ఫోన్ వంక చూడలేదు. నేలమీద అన్నం మెతుకులు ఏరుతూ విన్నది. నేను ముగించాక తలెత్తింది.

"మీ ఓటు లేదనీ, అందుకే అత్తమ్మ ఆ ఒంటితో బయల్దేరుతోందనీ ముందే చెప్పుంటే, నేనే ఆపేదాన్ని వదినా. నాకు మెంబరుగిరీ ఎక్కువనుకున్నారా?"

నిజమే. ఆపేది. బయట తాళం వేసి అయినా ఆపేది. ఆ పిల్ల దిగులు పడుతుందనుకున్నా గానీ, ఆ పిల్లకి చెప్తే అమ్మ బతికే దారి ఒకటి ఉంటుందని నాకు తట్టనే లేదు. పీబీ రాసింది ఆఫీసు. నోరు మూసుకున్నది నేను. ఇప్పటికీ ఎవరైనా ఓదారుస్తూ రూల్సు అట్లా ఉన్నాయి, నువ్వేం చేస్తావు అంటే నాకు ఊరట కలగదు. రూల్సు మీదకి నెట్టలేనిది ఒకటి నా దగ్గర ఉండిపోయింది.

ఏడ్చానో లేదో గుర్తులేదు. కాసేపటికి ఆ పిల్ల లేచి చాపలు దులిపి మడిచింది. నేను గిన్నెలు కడిగా. చర్చి నించి తెచ్చిన పెద్ద డేగిసా ఒక చెవి ఆమె పట్టుకుంది, ఇంకో చెవి నేను పట్టుకున్నా. ఇచ్చి రావడానికి ఇద్దరం బయల్దేరాం.